దర్జీ తాతకు మా వీధి తీర్పు

హత్య కేసులు ఇకమీదట పోలీసులకు అప్పగించకూడదు. ఫోన్లకు అప్పగించాలి. ముఖ్యంగా మా వీధి ఫోన్ గ్రూపుకు.

కాదంటారా? మా తాతల కాలంలో ఈ వీధిలో ఒక ధాన్యం వ్యాపారిని తన కొట్లోనే ఎవరో చంపేశారు. పోలీసులు వచ్చారు, అందరినీ అడిగారు, ఎవరూ దొరకలేదని వెళ్లిపోయారు. చేతకానివాళ్లు. అదే కేసును రిటైరైన బ్యాంకు మేనేజరుగారు సోఫాలో పడుకుని, కాఫీ చల్లారేలోగా తేల్చేశారు. హంతకుడు ఎదురు కొట్లో దర్జీ!

ఆ దర్జీ మా ఆవిడకు తాత. ఆయన ఎప్పుడో పోయాడు. మా ఆవిడా నిరుడు పోయింది. జవాబు చెప్పేవాళ్లు లేకపోతే విచారణ ఎంత చురుగ్గా సాగుతుందో చూడండి.

సాక్ష్యాలు తూచి చూద్దాం. హత్య జరిగిన మర్నాడు దర్జీ తన కత్తెరకు సాన పట్టించాడు. ఇంకేం కావాలి? రక్తం మరకలు పోగొట్టడానికేనని గ్రూపు ఏకగ్రీవంగా తీర్మానించింది. చిన్న చిక్కొకటి ఉంది. వ్యాపారి పోయింది తలమీద తూకంరాయి దెబ్బకు. ఆ సంగతి పొద్దుటి నడకలో మేనేజరుగారికి గుర్తు చేశాను.

"అదే కదండీ అతగాడి తెలివి. కత్తెర వాడితే దొరికిపోడూ?" అన్నారు.

చేతులెత్తి దణ్ణం పెట్టాను. నేను చదివిన పల్లెటూరి బడిలో ఇంత తర్కం చెప్పలేదు మరి.

ఇంకోటి. ఆ రోజు దర్జీ బల్లమీద వ్యాపారి కోటు ఉంది. గుండీలకు చేత్తో కుట్టిన కాజాలతో సహా. దర్జీ కొట్టు ఇప్పుడు నడిపేది మా బావమరిది. వాడు తల పట్టుకున్నాడు. "చంపదలుచుకున్నవాడికి ఎవడైనా కాజాలు కుడతాడా బావా? మెడలు పడిపోతాయి. ముందు చంపేసి, కాజాల పని తప్పించుకుంటాడు గానీ."

దీనికీ గ్రూపులో జవాబు సిద్ధంగానే ఉంది. అనుమానం రాకుండా కుట్టాడు. అంత్యక్రియలకు వెళ్లి ఏడ్చాడు, నటన. ఊరు విడిచి పారిపోలేదు, గుండెలు తీసిన బంటు. పారిపోయి ఉంటే ఏమనేవారో మీకు నేను చెప్పాలా?

దీనివల్ల మా వీధికి ఎంత పేరొచ్చిందనుకున్నారు! ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి కొట్టు ముందు సెల్ఫీలు దిగుతున్నారు. ఒకమ్మాయి కత్తెర చేతబట్టి, "ఇదే ఆ ఆయుధం" అని వీడియో తీసుకుంది. ఆ కత్తెర మొన్న కొన్నది. బట్టలిచ్చేవాళ్లు మాత్రం తగ్గారు. పాత ఖాతాదారు ఒకాయన చొక్కా గుడ్డ వెనక్కి పట్టుకుపోయాడు. "కొలతలకు మెడచుట్టూ టేపు వేస్తుంటే ఎలాగో ఉంటోందయ్యా. ఏమనుకోకు."

బావమరిది రంగు డబ్బా కొనుక్కొచ్చాడు. "బోర్డు మీద తాత పేరు చెరిపేస్తే కొట్టు నిలబడుతుందంటావా?" అని నన్నడిగాడు. ఆ బోర్డు మీది అక్షరాలు చూసే మా ఆవిడ చదవడం నేర్చుకుంది.

ఆవిడ ఉన్నప్పుడు ఈ నింద గుసగుసగానే ఉండేది. ఆవిడ పోయినప్పుడు పరామర్శకు వచ్చి మేనేజరుగారు, "అలాంటి ఇంట పుట్టినా ఎంత మంచి మనిషండీ" అన్నారు. పరామర్శకు వచ్చినవాడిని ఏమంటాం? మంచినీళ్లిచ్చి పంపాను.

సరే, ఇంత గొప్ప విద్య వీధిలో ఉండగా నేనొక్కణ్ణే ఎందుకు వెనకబడాలి? నేనూ పరిశోధన మొదలెట్టాను. తూకంరాయి రోజూ ఎవరి చేతిలో ఉండేది? కొట్టు గుమాస్తా చేతిలో. యజమాని పోయాక కొట్టు ఎవరికి దక్కింది? గుమాస్తాకే. ఆ గుమాస్తా ఎవరు? మేనేజరుగారి తాత. ఇదంతా వీధిలో అందరికీ తెలిసిందే. ప్రశ్నలా రాసింది మాత్రం నేనే. గ్రూపులో పెట్టాను.

 కాసేపటికి మేనేజరుగారి ఫోను.

"చచ్చి ఏ లోకాన ఉన్నారో! పెద్దల మీద ఈ నిందలేమిటండీ? సాక్ష్యం ఉండాలి కదా?"

"ఉంది కదండీ. మీ తాతగారు కూడా అంత్యక్రియల్లో ఏడ్చారట."

"మా కోడలి పుట్టింటివాళ్లు ఫోన్ చేసి మరీ అడుగుతున్నారండీ. ఏం చెప్పమంటారు?"

"కాజాలు కుట్టలేదని చెప్పండి. అదొక్కటే మీకు కలిసొచ్చేది."

ఇప్పుడు గ్రూపులో పూల బొమ్మలు, శుభోదయాలు. హత్య ఊసే లేదు. బోర్డు మీద పేరు అలాగే ఉంది. చొక్కా గుడ్డ పట్టుకుపోయినాయన మళ్లీ వచ్చి మెడ కొలతిచ్చి వెళ్లాడు.

ఆ గుమాస్తా హత్య చేశాడని నేను నమ్ముతున్నానా? పిసరంత కూడా నమ్మను. నెమ్మదస్తుడని మా మామగారే చెప్పేవారు.

నిన్న బావమరిది ఇంటికొచ్చాడు. "నువ్వు నమ్మట్లేదని మేనేజరుగారితో చెప్పెయ్ బావా. నిద్ర పట్టట్లేదట, పాపం."

"చెబుతాలే" అన్నాను. "ముందు మేనేజరుగారిని వెళ్లి మీ అక్కను అడిగి రమ్మను."