దార్కో గారి శవం వేషం

అచియా తీసిన మొదటి ట్రైలర్‌ని కాలేజీలో మేడం తిప్పి పంపేసింది. నేరం కథ తీయమంటే టమాటా పేస్టు ప్రకటన తీశావేమిటమ్మా అందట.

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. హత్య వంటింట్లో జరుగుతుంది. మిట్టమధ్యాహ్నం, కిటికీలన్నీ బార్లా తెరిచి, పసుప్పచ్చ కర్టెన్ల ముందు. హంతకుడి వేషం కట్టిన కుర్రాడి పలువరస బాగుంటుంది, ఆ సంగతి వాడికీ తెలుసు. అందుకని పొడిచేటప్పుడు కూడా నవ్వు మానలేదు.

"ఒక్కో రకం సినిమాకి కొన్ని ఆనవాళ్లుంటాయట నాన్నా," అంది అచియా దిగాలుగా. "తలుపు సందులోంచి తొంగి చూసినవాడిక్కూడా ఇది నేరం కథ అని తెలిసిపోవాలట. చీకటి ఉండాలి. నలుపూ ఎరుపూ బట్టలుండాలి. ఓ శవం, చుట్టూ జనం, చివర్లో ఒక పరుగు. సోమవారానికి మళ్లీ తీసి ఇవ్వకపోతే ఈ ఏడాదంతా మళ్లీ చదవాలి."

"ఏం చదవక్కర్లేదు," అంది పొయ్యి దగ్గర్నుంచి తల్లి సెర్వా. "ఇది కూడా తిరిగొచ్చిందంటే సోమవారం నుంచి వచ్చి నా కొట్లో కూర్చో."

సెర్వాకి కుమాసీ పెద్ద మార్కెట్లో బట్టల కొట్టుంది. చావులకి కట్టుకునే నల్ల బట్టలూ, ఎర్ర బట్టలూ అమ్ముతుంది. ఆ ఊళ్లో జనం పండక్కి పాతవి సర్దుకుంటారు గానీ చావుకి మాత్రం కొత్తవే కడతారు. అందుకని శుక్రవారం వచ్చిందంటే ఆవిడకి తల గోక్కునే తీరికుండదు.

"పిల్ల దర్శకురాలు కావాలే," అన్నాడు తండ్రి దార్కో.

"నర్సు చదువుకి సీటొస్తే వద్దని, సినిమా చదువులో వేసింది నువ్వేగా."

"దానికి కళ ఉందే. అది మావైపు నుంచి వచ్చింది."

"మీవైపు నుంచి దానికొచ్చింది గురకొక్కటే. నాకు కొట్లో మనిషి కావాలయ్యా. నువ్వొస్తావా? పోస్టాఫీసులో రిటైరయింది మొదలు అడుగుతున్నాను. కొట్టు మాటెత్తితే నడుం నొప్పంటావు. వేపచెట్టు కింద డామీ పలక మీదికి వంగి పొద్దస్తమానం పావులు జరుపుతుంటే మాత్రం ఆ నొప్పి ఎటు పోతుందో."

దార్కో చేపముక్క నోట్లో పెట్టుకున్నాడు. ముల్లుందన్న నెపంతో చాలాసేపు నమిలాడు. ఆయన భయమల్లా ఒక్కటే. పిల్ల కొట్లో కూర్చుంటే దాని ముఖం చూడలేడు. సినిమా పిచ్చి దానికి అంటించింది తనే.

ఆ శనివారం సెర్వా మాంపాంగ్‌లో చుట్టాల చావుకి వెళ్తోంది. పొద్దున్న కొట్టు చూసుకుని, అటునుంచి అటే వదినగారి కారెక్కుతానంది. దార్కో బుర్రలో అప్పుడు దీపం వెలిగింది. ఇల్లు ఖాళీ, హాలు ఖాళీ. బీరువాలో సెర్వా దాచుకున్న ఖరీదైన నల్ల బట్ట కూడా ఖాళీగానే ఉంది.

"డిటెక్టివ్ వేషం నేను వేస్తాను," అన్నాడు కూతురితో.

"డిటెక్టివ్ పరిగెత్తాలి నాన్నా."

"పరిగెత్తలేనా?"

అచియా ఆయన పొట్ట వంక ప్రేమగా చూసింది. "నువ్వు శవం వెయ్యి. శవం లేకపోతే అసలు కథే లేదు."

ఆ మాట దార్కోకి సబబుగా తోచింది. "మరి చుట్టూ జనం?"

"అదే తెలీడం లేదు. నేనూ, కెమెరా పట్టే మా క్లాసు ఎఫువా తప్ప ఎవరూ లేరు."

"జనం సంగతి నాకొదిలేయ్," అన్నాడు దార్కో.

ఆయన శుక్రవారం పొద్దున్నే పోస్టర్లు వేసే ఫ్రింపాంగ్ దగ్గరికి వెళ్లాడు. కూడా తన పాతికేళ్ల కిందటి ఫొటో తీసుకెళ్లాడు. అందులో జుట్టుంది, పొట్ట లేదు. ఫ్రింపాంగ్ ఫొటో చూసి, ఆయన్ని చూసి, గొంతు తగ్గించాడు.

"పోలికలు బాగా ఉన్నాయండీ."

"ఉండవా మరి," అన్నాడు దార్కో గర్వంగా. "నల్ల రంగు మీద ఎర్రక్షరాలు పడాలి. చూడగానే గుండె ఝల్లుమనాలి. శనివారం మధ్యాహ్నం మా ఇంట్లో అని వెయ్యి. అందరూ నలుపూ ఎరుపూ కట్టుకుని రావాలని కూడా వెయ్యి."

"వేస్తామండీ, ఎప్పుడూ వేసేదే. వయసు?"

"అరవై రెండు. దాచేదేముంది."

"పెద్ద వయసేం కాదు," అని నిట్టూర్చాడు ఫ్రింపాంగ్. పోస్టర్లు చుట్టి ఇస్తూ ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. "ధైర్యంగా ఉండండి."

మొదటిసారి నటిస్తున్నాను కదా, పాపం ధైర్యం చెబుతున్నాడని దార్కో సంతోషించాడు. కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాడు గనుక అక్షరాల జోలికి పోలేదు. తన ముఖం అంత పెద్దదిగా అచ్చులో కనబడుతుంటే మిగతావి చదివే మగాడు కుమాసీలోనే కాదు, ఎక్కడా ఉండడు. ఊళ్లో ఏ గోడ చూసినా సరిగ్గా అలాంటి పోస్టర్లే ఉంటాయి. అలాంటి పోస్టరు మీద ఫొటో పడాలంటే ముందు మనిషి పోవాలి. చిన్నప్పట్నుంచీ చూస్తున్న ఆ సంగతి ఆయనకి ఆ క్షణంలో తట్టలేదు.

సెర్వా కంట పడకుండా మార్కెట్ వైపు వదిలేసి, బస్టాండు గోడలకీ, వేపచెట్టు మొదలుకీ, చర్చి ఎదురుగా ఉన్న దుకాణానికీ అంటించి వచ్చాడు.

శనివారం మధ్యాహ్నం హాల్లో కర్టెన్లు మూసేశారు. ఒక్క బల్బు వేలాడదీశారు. దార్కో నల్ల బట్ట కప్పుకుని మంచం మీద పడుకున్నాడు. షూటింగుకి అడ్డం రాకూడదని ఫోను ముందే కట్టేశాడు. ఎఫువా మూలన కెమెరా పెట్టింది.

"నాన్నా, కెమెరా సాయంత్రానికి కాలేజీలో అప్పగించాలి. మళ్లీ తీయడానికి కుదరదు," అంది అచియా. "నేను కట్ అనేదాకా కదిలావో, నా చదువు ఇంతటితో సరి."

"రాయిలా పడుంటాను."

అంతలో గేటు దగ్గర ఒక ఏడుపు లేచింది. పక్కవీధి పోమా అత్త. ఊరికి రేడియో అక్కర్లేకుండా చేసిన మనిషి. ఆవిడ వెనక నలుపూ ఎరుపూ కట్టుకుని ఓ పాతికమంది వచ్చారు. ఎవరో ప్లాస్టిక్ కుర్చీలు కూడా మోసుకొచ్చారు.

"ఇంతమందిని ఎలా పోగేశావు నాన్నా?" అని గుసగుసలాడింది అచియా.

"పరపతి," అన్నాడు శవం పెదాలు కదపకుండా.

పోమా అత్త మంచం దగ్గరికొచ్చి గుండెలు బాదుకుంది. "నిన్న పొద్దున్న కూడా నా దగ్గర మొక్కజొన్న కెంకీ ముద్దలు కొనుక్కెళ్లావు కదయ్యా. ఇంకో రెండు పెట్టమంటే పెట్టలేదు. నా చేతులు పడిపోను."

సొంతంగా మాటలు కల్పించుకుంటోంది, ఎంత ప్రతిభ అనుకున్నాడు దార్కో.

"మార్చురీకి పంపలేదేం?" అన్నారెవరో వెనక.

"దార్కో సంగతి తెలీదా. ఫ్రిజ్ ఖర్చు ఎందుకనుంటాడు పోయేముందు," అన్నారింకెవరో.

తర్వాత డామీ జోడీ సార్పాంగ్ వచ్చాడు. మంచం పట్టె పట్టుకుని నిజంగానే కుమిలిపోయాడు. "క్షమించు దార్కో. ఈస్టర్ పందెంలో నువ్వు మంచినీళ్లకి లేచినప్పుడు నీ పావు ఒకటి జేబులో వేసుకున్నాను. నీకు చెబుదామనే అనుకున్నాను."

దార్కో నెత్తురు సలసల కాగింది. ఆ పందెంలో ఓడిపోయి ఆయన నెల్లాళ్లు సార్పాంగ్‌ని గురువుగారూ అని పిలిచాడు. లేచి పీక పట్టుకుందామనిపించింది. కానీ అచియా ఇంకా కట్ అనలేదు.

ఈలోగా ఎజిసు నుంచి కుటుంబ పెద్ద బోటెన్ మామ వచ్చాడు. వెంట జిన్ను సారా సీసా, మేనల్లుడు బోచీ. ఆయన వచ్చాడంటే అంతా పద్ధతి ప్రకారం జరగాలి. కుడి నుంచి ఎడమకి అందరి చేతులూ కలిపాడు. కూర్చున్నాడు. మంచినీళ్లు తాగాడు. అప్పుడు గానీ వచ్చిన పని అడగకూడదు. పోమా అత్త అడిగింది.

"ఏం చెప్పమంటారు," అన్నాడు మామ. "మా పిల్లాడు పోయిన సంగతి మాకు బస్టాండు గోడ చెప్పింది. కబురు చెప్పే దిక్కు కూడా లేకపోయింది. సరే, మనిషి మా తల్లివైపు వాడు గనుక ఆచారం ప్రకారం శవం మాది. సామాను కూడా ఒకసారి చూసుకోవాలి."

అచియాకి అప్పుడు అర్థమైంది. తండ్రి గోడలకి అంటించి వచ్చింది సినిమా పోస్టరు కాదు, చావు పోస్టరు. ఎఫువా వంక చూసింది. ఎఫువా కెమెరా వంక చూసింది. చీకటి, నలుపు, ఎరుపు, శవం, జనం, అన్నీ ఒక్క ఫ్రేములో ఒదిగి ఉన్నాయి. కూతురుగా ఆపాల్సిందే. దర్శకురాలుగా మాత్రం నోరు పెగల్లేదు.

బోచీ మంచం కింద ఉన్న దార్కో బూట్లలో కాళ్లు దూర్చి చూసుకుంటున్నాడు. "సరిపోయాయి మామా," అన్నాడు.

దార్కోకి కూడా అంతా అర్థమైంది. చెమట పట్టింది. లేచి కూర్చుంటే బూట్లు దక్కుతాయి, పరువు కొంచెమైనా దక్కుతుంది, కానీ పిల్ల ట్రైలర్ పోతుంది. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. అప్పుడే గుమ్మంలో సెర్వా గొంతు వినబడింది.

"ఎక్కడ, నా మొగుడెక్కడ?"

జనం దారిచ్చారు. ఆవిడ రొప్పుతూ వచ్చి ఆయన నుదుటి మీద చెయ్యి వేసింది. నుదురు వెచ్చగా, తడిగా ఉంది. రొప్పడం ఆగిపోయింది. తర్వాత ఆవిడ కప్పిన బట్ట చూసింది, అది తన బీరువాలోది. మూలన కెమెరా చూసింది. కెమెరా పక్కన చేతులు జోడించి నిలబడ్డ కూతుర్ని చూసింది. ఆ ఇంట్లో ఆవిడకి విడమర్చి చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ లేదు.

కింద చతికిలబడి రాగం తీసింది.

"ఎంత మంచివాడివయ్యా. పొద్దున్నే నాతో ఏమన్నావయ్యా. పెద్దలంతా వినండి, ఇవే ఈయన ఆఖరి మాటలు. మన అచియా సినిమా చదువు ఎవరూ మాన్పించకూడదన్నావు కదయ్యా."

జనం కళ్లు తుడుచుకున్నారు. అబ్బ, నా సెర్వా బంగారం అనుకున్నాడు దార్కో.

"పిల్ల చదువుకుంటే కొట్లో ఎవరు కూర్చుంటారని నేనడిగితే, నేను లేనా అన్నావు కదయ్యా. రేపట్నుంచి రోజూ నేనే వస్తాను, మూటలు నేనే మోస్తాను అన్నావు కదయ్యా."

శవం కనురెప్ప ఒకటి అదిరింది.

"నడుం నొప్పి ఉత్త సాకు, ఆ డామీ పలక ఇంక ముట్టుకోను అన్నావు కదయ్యా." సెర్వా ముఖం ఆయన ముఖం మీదికి వంచింది. "అన్నావా లేదా? అనలేదంటావా, పెద్దల ముందు ఇప్పుడే లేచి చెప్పు. నేను వింటాను."

దార్కో గుటక కూడా మింగలేదు. కెమెరా పక్కన అచియా నిలుచున్న సంగతి ఆయనకి కళ్లు మూసుకునే తెలుస్తోంది. పిల్ల ఏడాది అంతా ఆ ఒక్క క్షణం మీద ఉంది.

"విన్నారుగా పెద్దలు. కాదనలేదు," అంది సెర్వా కళ్లు తుడుచుకుంటూ.

"వినిపించింది," అన్నాడు బోటెన్ మామ గంభీరంగా. "చివరి మాట కుటుంబానికి శాసనం."

"కట్," అంది అచియా.

దార్కో లేచి కూర్చున్నాడు. "ముందు నా బూట్లు విప్పరా," అన్నాడు బోచీతో.

ఆ తర్వాత ఏం జరిగిందో ఎవరూ వరసగా చెప్పలేకపోయారు. కుర్చీలు ఎగిరాయి. బోచీ కిటికీలోంచి దూకాడు. సార్పాంగ్ గోడ ఎక్కాడు. మోకాళ్ల నొప్పులని కర్ర పట్టుకుని వచ్చిన బోటెన్ మామ కర్ర వదిలేసి, జిన్ను సీసా మాత్రం చంకలో పెట్టుకుని అందరికంటే ముందు గేటు దాటాడు. ఎఫువా కెమెరా ఆపలేదు. చివర్లో కావాల్సిన పరుగు అలా దొరికింది.

సోమవారం మేడం ట్రైలర్ రెండుసార్లు వేయించుకుని చూసిందట. ఆనవాళ్లన్నీ ఉన్నాయి, జనం చేత ఇంత సహజంగా ఎలా చేయించావమ్మా అని అడిగిందట. శవం ఒకచోట కన్నుకొట్టినట్టుంది, అదొక్కటే లోపమందట.

ఆ కబురు ఫోనులో వినేటప్పటికి దార్కో కొట్లో ఉన్నాడు. నెత్తి మీద ఎర్ర బట్టల మూట ఉంది. పిల్ల గెలిచిందని కళ్లలో నీళ్లొచ్చాయి. తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు. రోజూ మోయాల్సిన మూటలు లెక్కకి మించి కనబడుతున్నాయి. మూట దించి నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"నేను న్యాయం అడుగుతాను సెర్వా. ఆఖరి మాటలు చచ్చినవాడికి వర్తిస్తాయి. నేను చావలేదు. అసలు ఆ మాటలు నేను అననేలేదు."

సెర్వా బట్ట కొలవడం ఆపలేదు. "వదిన కారులో చోటు లేదని బస్టాండుకి వెళ్లాను. మాంపాంగ్ బండెక్కి కూర్చున్నాక ఎదురుగా గోడ మీద నువ్వు కనబడ్డావు. నల్ల రంగు మీద, వయసుతో సహా. పొద్దున్న నా చేత్తో నీకు గంజి పోసి వచ్చానన్న సంగతి గుర్తొచ్చేదాకా అర నిమిషం పట్టింది."

దార్కో తల దించుకున్నాడు.

"ఆ అర నిమిషం నాకు ఎవరూ లేరు," అంది సెర్వా. "ఆ బాకీ తీరేదాకా కూర్చో."

ఆయన ముక్కాలిపీట ఆవిడ పక్కకి లాక్కుని కూర్చుని, బట్ట రెండో కొస పట్టుకున్నాడు.