గవరపాలెంలో మహాసభ

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు అనకాపల్లిలో సంఘం లేనివాడు లేడు. బెల్లం తూచేవాళ్ళకొకటి, బళ్ళు తోలేవాళ్ళకొకటి. నలుగురు చేరిన చోటల్లా నీడా, వెలుగూ, బాజా అమర్చేవాళ్ళకి మాత్రం ఎందుకుండకూడదని షామియానాల మౌలా సాహెబ్ పూనుకున్నాడు. పాయకరావుపేట బాజావాళ్ళూ, చీడికాడ పందిళ్ళవాళ్ళూ, ఎలమంచిలి పెట్రోమాక్సు దీపాలవాళ్ళూ చేరి ఆయన్నే అధ్యక్షుణ్ణి చేశారు. ఒక ఆదివారం మధ్యాహ్నం బెల్లం బజారు వెనక ఖాళీ స్థలంలో మొదటి మహాసభ.

"అందరి పెళ్ళిళ్ళలోనూ మనం వాకిట్లో నిలబడేవాళ్ళమే. ఈ పూట మీరే పెళ్ళివారు. ఒట్టి చేతుల్తో రండి," అని ఆయన అందరికీ కబురంపాడు.

సభకి వెయ్యాల్సిన షామియానా ఇంట్లోనే ఉంది. భార్య హాజిరాబీ కిందటి వేసవంతా దగ్గుతూ కుట్టింది. "దీన్ని మొదట మన సొంత శుభకార్యానికి వెయ్యండి," అంది. ఎర్ర అంచు ఒక మూల మిగిలి ఉండగానే కన్నుమూసింది. పిల్లలు లేని ఆ ఇంటికి వేరే శుభకార్యం ఎక్కడిది? ఈ సభే అనుకున్నాడాయన.

సభ రోజు పొద్దున్నే గవరపాలెం నుంచి మనిషి వచ్చాడు. తాతబ్బాయి అనే చెరకు రైతు భార్య తలుపులమ్మ పోయిందట, వచ్చిన జనం ఎండకి మాడిపోతున్నారట. మౌలా సాహెబ్ స్నానాల గదిలోంచే బావమరిది ఆదంకి కేకేశాడు.

"ఆదం, అటక మీదున్నది ముట్టుకోకు. కిందున్న పాతది తీసుకెళ్ళి వేసి రా!"

కొత్తదాన్ని దులుపుదామని ఆదం తెల్లవారే కిందికి దించి, పాతదాన్ని అటకెక్కించిన సంగతి ఆయనకి తెలియదు. బావ చెప్పిన 'కింద' ఒక్కటే ఆదం చెవిన పడింది. కిందున్నదాన్ని భుజానేసుకుని పోయాడు.

బాజావాళ్ళు ఒట్టి చేతుల్తో ఎక్కడికీ వెళ్ళలేరు. వాయిద్యాలతోనే బస్సు దిగి, "మౌలా సాహెబ్ షామియానా ఎక్కడండీ?" అని అడిగారు. ఎవరో గవరపాలెం వైపు చెయ్యి చూపించారు. కొత్త షామియానా, కింద కిక్కిరిసిన జనం. సభ ఇంత బాగా కుదిరిందా అని పొంగిపోయి, వీధి మొదట్లోనే పెళ్ళి స్వాగతం ఎత్తుకున్నారు. వెనకే వచ్చిన చీడికాడవాళ్ళు, నడుమ కూర్చున్న పెద్దాయన ముఖ్య అతిథి కాబోలని తాతబ్బాయి మెడలో బంతిపూల దండ వేశారు.

ఖాళీ స్థలంలో మౌలా సాహెబ్, కార్యదర్శి పరదేశి ఇంకా తిరిగిరాని ఆదం కోసం చూస్తూ ఎండలో నిలబడి ఉన్నారు.

"ఆ బాజా మనోళ్ళదే మామా. గవరపాలెం కాడ ఇనిపిత్తందేటి?" అన్నాడు పరదేశి.

పొద్దున్న వెళ్ళింది ఏ షామియానానో మౌలా సాహెబ్‌కి అప్పుడు తట్టింది. ఇద్దరూ పరుగెత్తారు.

అక్కడ తాతబ్బాయి కొడుకు పైడిరాజు కర్ర ఎత్తి ఉన్నాడు. "మాయమ్మ పోయి మేం ఏడుత్తంటే పెళ్ళి బాజాలేటి? మా అయ్యకి దండేటి? పీకీండి మీ గుడ్డ!"

"తప్పు నాది బాబూ," మౌలా సాహెబ్ చేతులు జోడించాడు. "వీళ్ళకి పెద్దని నేను. కొడితే నన్ను కొట్టు."

ఆదం తాడు విప్పబోయాడు. తాతబ్బాయి తలెత్తాడు.

"ఉండనీరా పైడీ. మా పెళ్ళికి బాజా ఎట్టించలేదు మా అయ్య. కరువు రోజులు. జన్మంతా దెప్పింది మీయమ్మ, బాజా లేని పెళ్ళీ పెళ్ళేనా అని." బాజావాళ్ళ వైపు తిరిగాడు. "వాయించండి బాబూ. ఆ పెళ్ళి పాటే వాయించండి."

వాళ్ళు వాయించారు. సన్నాయి అతనికి ఊపిరి అందక పాట రెండుసార్లు ఆగింది. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని ఏడ్చారు, మధ్యలో ఎవరో నవ్వారు కూడా.

తాతబ్బాయి పైకి చూశాడు. "నీడ సల్లగా ఉంది సాహెబూ. ఎవరు కుట్టేరు?"

"మా ఇంట్లోవాళ్ళు."

"ఆయమ్మ బాగుందా?"

 హాజిరాబీ పోయిన రోజున కూడా వచ్చినవాళ్ళకి చాపలు సరిపోయాయా, మంచినీళ్ళు అందాయా అని చూసుకుంటూ మౌలా సాహెబ్ ఏడవడం మరిచిపోయాడు. ఇప్పుడు ఆ పరాయి ముసలాయన పక్కన చతికిలబడి భోరుమన్నాడు.  తాతబ్బాయి తన మీది కండువా తీసి ఆయన చేతిలో పెట్టాడు.

తలుపులమ్మ వెంట ఆ సాయంత్రం సంఘం సభ్యులంతా శ్మశానం దాకా నడిచారు, ముందు బాజాతో.

మరుసటి ఏడు మహాసభ ఎలమంచిలిలో పెట్టుకున్నారు. చోటు ఖాయం చేసేముందు ఆ వీధిలో ఎవరికైనా ఒంట్లో బాగాలేదేమోనని కార్యదర్శి స్వయంగా ఇంటింటికీ వెళ్ళి అడిగి వచ్చాడు.