అరవై బోట్ల ఆమెన్

"ఈ సముద్రం అడుగున ఎన్ని చేపలున్నాయో నాకు తెలీదు. కానీ ఈ సముద్రం మీద ఎన్ని రహస్యాలున్నాయో అవన్నీ నా వలలో పడాల్సిందే! ఎందుకంటే నేను క్లీటస్‌ని!"

ఐసు పెట్టె మీద నిలబడి, చేతులు రెండూ చాచి, క్లీటస్ ఈ మాట అన్నాడో లేదో బోటు ఓ కెరటానికి పక్కకి ఒరిగింది. మహా పరిశోధకుడు నేరుగా వెళ్ళి పాత రొయ్యల బుట్టలో కూర్చున్నాడు.

"ఇది కూడా పరిశోధనలో భాగమే," అన్నాడు లేవకుండానే.

లాజర్ తల పట్టుకున్నాడు. వీణ్ణి ఈ బోటెక్కించింది తనే. తమ రేవు ఊరు మునంబం సంతలో క్లీటస్‌కి ఫోన్లు బాగుచేసే కొట్టుంది. కొట్టు బోర్డు మీద పెద్ద అక్షరాల్లో 'అంతర్జాతీయ అపరాధ పరిశోధకుడు' అనీ, కింద చిన్న అక్షరాల్లో 'స్క్రీన్ గార్డులు కూడా వేయబడును' అనీ ఉంటుంది. ఇప్పటిదాకా తేల్చిన కేసు ఒక్కటే. చర్చి ఫాదర్‌గారి కళ్ళజోడు పోతే రెండు రోజులు ఊరంతా సోదా చేసి, చివరికి ఫాదర్‌గారి నెత్తిమీదే దాన్ని పట్టుకున్నాడు.

అలాంటివాణ్ణి పిలిచాడంటే లాజర్‌కి ఎంత గతిలేదో చూడండి.

సంగతేంటంటే, ఈ 'కర్మెల మాత' బోటుకి లాజర్ మేనమామ ఎస్తప్పాన్ ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా సరంగు, బోటు నడిపేది ఆయనే. రొయ్యలు ఎక్కడున్నాయో నీళ్ళ రంగు చూసి చెప్పేస్తాడు. అలాంటిది పన్నెండు రోజులుగా ఆయన ఎక్కడ వల దింపితే అక్కడికి పావుగంటలో పది బోట్లు దిగిపోతున్నాయి! ఎడమా కుడీ అన్నీ ఊడ్చుకుపోతున్నాయి. ఎస్తప్పాన్‌కి మిగిలేది నాచు, రెండు పీతలు, ఓసారైతే ఒక చెప్పు.

బోటు యజమాని కర్మేలికి ఒళ్ళు మండిపోయింది. సరంగే చాటుగా చోట్లు అమ్ముకుంటున్నాడని అనుమానం. నిన్న రేవులో అందరి ముందూ అనేసింది. "రేపు బోటు ఒడ్డుకొచ్చేలోపు దొంగెవరో తేలాలి. తేలకపోతే ఎల్లుండి నుంచి చుక్కాని ఇంకొకళ్ళు పడతారు, చేట్టా."

చేట్టా అంటే అన్న. అలా పిలిచే ఆ పిల్లకి ఈత నేర్పింది ఎస్తప్పానే. ఆయన తువ్వాలు దులిపి ఇంటికి వెళ్ళిపోయాడు. రాత్రి అన్నం కూడా తినలేదు.

అందుకే క్లీటస్!

"ముందుగా, గాలి దారులు మూసేద్దాం!" బుట్టలోంచి లేచిన క్లీటస్ రొయ్య మీసాలు దులుపుకుంటూ ప్రకటించాడు. "రహస్యం బయటికి పోవాలంటే సిగ్నల్ కావాలి. అందరూ ఫోన్లు ఇవ్వండి!"

ఐదుగురి ఫోన్లూ, తన ఫోనూ కలిపి ఆరు, ఒక ప్లాస్టిక్ కవర్లో చుట్టాడు. వంటగదిలో ప్రెషర్ కుక్కరుంది. అందులో వంటవాడు పొరించు అప్పుడే బియ్యం, నీళ్ళు పోసి ఉంచాడు. క్లీటస్ కవరు అందులో పడేసి మూత బిగించాడు.

"బియ్యంలో ఎందుకురా?" అన్నాడు లాజర్.

"స్టీలు ఒక గోడ, నీళ్ళు ఇంకో గోడ. ఏ ఉపగ్రహమూ చొరబడలేదు. నువ్వు ఇలాంటివి చదవలేదు, నీ తప్పు కాదు."

తర్వాత బోటు వెనకాలే ఎగురుతున్న తెల్లపిట్ట మీద కన్ను పడింది. "అది పిట్ట కాదు. డ్రోను. చూడు, రెక్క ఆడించట్లేదు."

"గాలుంటే ఆడించదురా."

"అదే నన్ను నమ్మించాలని చూస్తోంది."

పిట్ట క్లీటస్ టోపీ మీద రెట్ట వేసి వెళ్ళిపోయింది. క్లీటస్ దాన్ని వేలితో తీసి వాసన చూసి, "నిజం రెట్టలాగే తయారుచేశారు," అన్నాడు మెచ్చుకోలుగా.

ఇక చుక్కాని గదిలో విచారణ. ఆ గదిలో ముగ్గురు నిలబడితే నాలుగోవాడు ఊపిరి పీల్చలేడు. ఎదురుగా అద్దం, పక్కన వైర్‌లెస్ సెట్టు, దాని పైన గోడకి పునీత అంతోని పటం. తప్పిపోయినవి వెతికిపెట్టే పునీతుడు కదా, చేపలు కూడా ఆయన శాఖే అని ఎస్తప్పాన్ నమ్మకం.

"ఎస్తప్పాన్ చేట్టా, ఈ వైర్‌లెస్‌లో మీరు ఎవరితోనైనా మాట్లాడతారా?"

"నెల పైన అయింది, మోనే, నాయనా, నేనెవరితోనూ మాట్లాడి. ఈమధ్య అసలెవరూ మాట్లాడట్లేదు కూడా. ఇదివరకు పొద్దస్తమానం తిట్టుకునేవాళ్ళు. పన్నెండు రోజులుగా చప్పుడు లేదు. జనం బాగుపడ్డారు."

"మైకు ఏది?"

"దాని కొక్కెం విరిగిపోయింది. ఊగి ఊగి నా చెవికి కొడుతోందని పటం వెనక దోపాను. ఆయన పట్టుకుంటాడులే." ఎస్తప్పాన్ గొంతు తగ్గించాడు. "మోనే, నీకు మాత్రం ఒకటి చెప్తా. ఆరోజు నుంచీ సెట్టు మీద ఈ చిన్న ఎర్రదీపం దానంతటదే వెలుగుతోంది. ఆరట్లేదు. పునీతుడి మహిమ."

లాజర్ దణ్ణం పెట్టుకున్నాడు. క్లీటస్ భూతద్దంతో ఎర్రదీపాన్ని చూసి, "సెట్టు దివ్యంగా ఉంది," అని తేల్చేశాడు. అక్కడితో ఆగాడా! పాఠం మొదలుపెట్టాడు. "లాజర్, రాసుకో. వైర్‌లెస్ అంటే ఫోను కాదు. మైకు మీద మీట నొక్కితే మన మాట పోతుంది. వదిలితే అవతలివాళ్ళ మాట వస్తుంది. నొక్కి పట్టుకున్నంతసేపూ మన సెట్టు చెవిటిది! మనమే వాగుతాం, ఏమీ వినపడదు."

"నీలాగే," అన్నాడు లాజర్.

"వల ఎక్కడ దింపేదీ ముందుగా ఎవరికి చెప్తారు, చేట్టా?" క్లీటస్ మళ్ళీ విచారణకి వచ్చాడు.

"పునీత అంతోనికి తప్ప పురుక్కి కూడా చెప్పను. తలుపేసుకుని ఆయనకి చెప్పి, అప్పుడు వల దింపుతా."

"పునీతుల్ని అనుమానించే స్థాయికి ఈ క్లీటస్ ఇంకా దిగజారలేదు," అని పుస్తకంలో పునీతుడి పేరు మీద అడ్డగీత కొట్టేశాడు.

మధ్యాహ్నానికి నీళ్ళు ఆకుపచ్చగా మారాయి. ఎస్తప్పాన్ అందర్నీ బయటికి పంపి తలుపు వేసుకున్నాడు. లాజర్‌కి మాత్రం తలుపు సందులోంచి వినపడుతూనే ఉంది.

"అంతోనీ, ఇరవై రెండు బారల లోతు. దీపస్తంభానికి సూటిగా పడమర. ఇక్కడ దింపుతున్నా. వల నింపు. నా కోసం కాదు. తండ్రి పోయిన మూడేళ్ళ నుంచీ ఆ పిల్ల ఒక్కతే ఈ బోటు ఈడ్చుకొస్తోంది. నన్ను దొంగనుకుంటోంది. పోనీలే, చిన్నపిల్ల. నన్ను పంపేస్తే పంపెయ్యనీ. కానీ రేవు ముందు ఇసుక దిబ్బ దగ్గర మలుపు ఎలా తిప్పాలో కొత్తగా వచ్చేవాడికి నువ్వే చెప్పు. నాకు తప్ప ఎవరికీ తెలీదు. ఆమెన్."

లాజర్ కళ్ళు తుడుచుకున్నాడు. క్లీటస్ అప్పుడు డ్రోను రెట్ట సీసాలో పెట్టుకుంటున్నాడు.

వల దిగింది. పావుగంట. పడమట ఒక బోటు కనపడింది. తర్వాత మూడు. తర్వాత తొమ్మిది. పెళ్ళి భోజనాలకి వచ్చినట్టు వచ్చేస్తున్నాయి! అందరికంటే ముందు సిల్వెస్టర్ సరంగు బోటు 'సముద్ర రాణి'.

ఎస్తప్పాన్ చుక్కాని మీద తల వాల్చేశాడు. "అయిపోయింది, మోనే. ఇక ఒడ్డుకి పోదాం."

"అయిపోలేదు! ఇప్పుడే మొదలైంది!" క్లీటస్ గదిలోకి దూకి వైర్‌లెస్ సెట్టుకి ఆనుకుని నిలబడి, వేలు పైకెత్తాడు. "ద్రోహి పేరు చెప్తున్నాను, వినండి! ఆ సిల్వెస్టర్! వాడికి ఉత్తరమేదో దక్షిణమేదో తెలీదు. మీసానికి రంగు వేస్తాడు, వాన పడితే చొక్కా మీద నల్లటి చారలు! అలాంటివాడికి విదేశీ జలాంతర్గామితో సంబంధం లేకుండా ఇన్ని రొయ్యలు ఎలా వస్తాయి? వాడి వెనక ఐసు ఫ్యాక్టరీ వరీదు! రోజూ రొయ్యల వేపుడు తిని తిని మెడ మాయమైపోయింది! ఇక కర్మేలి! సొంత బోటునే ముంచే కుట్ర ఆమెది ఎందుకు కాకూడదు? చిన్నప్పుడు నా సైకిలు గాలి తీసింది, అది నేరస్థుల లక్షణం!"

అంతకుముందే వంటగదిలో పొరించు కుక్కరు చూశాడు. మూత బిగించి ఉంది. పాపం ఎవరో తనకి సాయం చేశారని మురిసిపోయి స్టవ్వు వెలిగించాడు. సరిగ్గా ఇప్పుడు...

కూఊఊఊఊ!

"బాంబు!" అని అరిచి క్లీటస్ నిలబడినచోటే మూరెడు ఎగిరాడు. నెత్తి వెళ్ళి పటానికి తగిలింది. పటం ఊడింది. ఎస్తప్పాన్ పటాన్ని గాల్లోనే పట్టుకున్నాడు. వెనకాల దోపిన మైకు జారి, వైరుకి వేలాడుతూ వచ్చి క్లీటస్ ముక్కు మీద కొట్టింది.

ఎర్రదీపం ఆరిపోయింది.

పన్నెండు రోజులుగా మూగగా ఉన్న సెట్టు భళ్ళున పగిలినట్టు నవ్వింది. ఒక గొంతు కాదు, పది కాదు. సముద్రం మీదున్న బోట్లన్నీ పగలబడి నవ్వుతున్నాయి.

"ఒరే క్లీటస్! నా మీసం సంగతి నీకెందుకురా!" అది సిల్వెస్టర్.

"వాన పడితే చారలు, హహహ! సిల్వెస్టర్ చేట్టా, గొడుగు పంపమంటావా?" ఇంకెవరో.

"పొరించూ, ఆ కుక్కరు దించరా, మాడిపోతోంది!" మరొకడు.

లాజర్ మైకునీ, ఆరిపోయిన దీపాన్నీ, మామనీ మార్చి మార్చి చూశాడు. వాడికి వెలిగింది. "అమ్మాచ్చా! మామా! పటం ఈ మీటని నొక్కేసింది! పన్నెండు రోజులుగా మన గదిలో ప్రతి మాటా..."

ఎస్తప్పాన్ నోరు తెరుచుకుంది. "అంటే నా ప్రార్థన..."

లాజర్ మీట నొక్కి అడిగాడు. "సిల్వెస్టర్ చేట్టా, అంతా విన్నారా?"

"రోజూ వింటున్నాం రా. ఆ చానెల్ ఆయనకి వదిలేసి, మా మాటలకి మాత్రం మేం పక్క చానెల్‌కి మారాం. చెపుదామనుకున్నాం, ఒట్టు. కానీ రొయ్యలు..." సిల్వెస్టర్ గొంతు కాస్త తగ్గింది. "ప్రార్థన అయ్యాక అరవై బోట్లూ ఆమెన్ అనేవాళ్ళం. మీకే వినపడలేదు."

తర్వాత సెట్టు ఒక్కసారిగా చల్లబడిపోయింది. ఎందుకంటే ఒక ఆడగొంతు వచ్చింది.

"నేను కర్మేలిని. ఐసు ఫ్యాక్టరీ సెట్టు దగ్గరున్నా. ఎస్తప్పాన్ చేట్టా ఎవరితో మాట్లాడతాడో కనిపెడదామని పొద్దున్నుంచీ ఇక్కడే కూర్చున్నా. నన్ను చూసి, ఇది నాకు వినపడకుండా వరీదు పాటలు పెట్టబోయాడు. చెయ్యి విరగ్గొడతానన్నా." కుర్చీ ముందుకి జరుపుకున్న చప్పుడు. "చేట్టా, ఇసుక దిబ్బ దగ్గర మలుపు ఎవరికీ నేర్పక్కర్లేదు. నువ్వే తిప్పు. అన్నం తిను ముందు."

ఎస్తప్పాన్ మైకు అందుకున్నాడు. చాలాసేపు మీట నొక్కి పట్టుకున్నాడు కానీ, మాట రాలేదు. ఆ నిశ్శబ్దాన్ని అరవై బోట్లూ విన్నాయి. చివరికి మీట వదిలాడు.

"క్లీటస్! నీ సైకిలు గాలి మళ్ళీ తీస్తా, ఆగు!" అని కర్మేలే దాన్ని తెంచింది.

క్లీటస్ వాచిన ముక్కు పట్టుకుని ఐసు పెట్టె ఎక్కాడు. "చూశారా? నేరస్థుణ్ణి తలతోనే పట్టుకున్నాను!"

అది మాత్రం అక్షరాలా నిజం కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు. ఆరు ఫోన్లూ అన్నంతోపాటు మెత్తగా ఉడికాయి. ఆరింటికీ ఉచితంగా స్క్రీన్ గార్డులు వేస్తానని అక్కడికక్కడే హామీ ఇచ్చాడు.

మర్నాడు కొత్త కొక్కెం బిగించారు. మైకు బుద్ధిగా దానికే వేలాడుతోంది. నీళ్ళు ఆకుపచ్చగా మారినచోట ఎస్తప్పాన్ తలుపు వేసుకున్నాడు. ఈసారి లాజర్‌ని లోపలే ఉండమన్నాడు. మైకు చేత్తో తీసుకుని, మీట గట్టిగా నొక్కి, ఎర్రదీపం వెలిగిందని చూసుకున్నాడు.

"అంతోనీ, ఇవాళ నలభై బారలు. బాగా ఉత్తరానికి. వల నింపు. ఆమెన్."

మీట వదిలాడు.

"ఆమెన్!" అన్నాయి అరవై బోట్లు. దూరంగా ఇంజన్లన్నీ ఉత్తరానికి తిరిగిన చప్పుడు.

ఎస్తప్పాన్ మైకు కొక్కేనికి తగిలించి, దీపం ఆరిందని ఇంకోసారి చూసుకుని, పటం వైపు తిరిగి గొంతు తగ్గించాడు.

"అది నీకు కాదులే. నీకు ఇప్పుడు చెప్తా," అంటూ చుక్కాని దక్షిణానికి తిప్పాడు.