మూడో కన్నం వెనకాల

నాగరికత మనిషికిచ్చిన గొప్ప వరాల్లో గోడమీది ప్లగ్గుకుండే మూడో కన్నం ఒకటి. కింది రెండు చిన్న కన్నాలూ రోజంతా చాకిరీ చేస్తుంటాయి. పైనున్న పెద్ద కన్నం మాత్రం ఏ పనీ చేయకుండా, అందరికన్నా ఎత్తులో, అందరికన్నా వెడల్పుగా కూర్చుని ఉంటుంది. దాన్ని ఎర్తు అంటారు. దాని వెనకాల తీగ ఉందా లేదా అని అడగడం మర్యాద కాదు. (పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళను మాత్రం అలా అడుగుతున్నామా?)

ఆ బిల్డింగులో ఈ మర్యాద తప్పిన మొదటి మనిషి మూడో అంతస్తులో ఉండే జాగ్రత్తమ్మ. అది ఆవిడ పేరు కాదు. ఉత్తరాలు తెచ్చేవాడికి మెట్ల గురించి, కూరగాయలు తెచ్చేవాడికి ఎండ గురించి, గోడెక్కిన పిల్లికి దిగడం గురించి హెచ్చరికలు చేసి చేసి సంపాదించుకున్న బిరుదు. ఎనిమిదో తరగతితో చదువు ఆగిందిగాని, జరగబోయే అనర్థాలను ముందే చూడటంలో ఆవిడ ఎంత చదివినవాళ్ళకూ తీసిపోదు.

ఒక ఉదయం ఆవిడ కూతురు తడికాళ్ళతో వచ్చి ఫ్రిజ్ తలుపు పట్టుకుంది. "అమ్మా, ఇది గిల్లుతోందే," అంది మామూలుగా, దోమ కుట్టిందన్నట్టు.

ఒక్క క్షణంలో జాగ్రత్తమ్మ మనసు ఆస్పత్రిదాకా వెళ్ళి, అక్కడ మంచం దొరక్క తిరిగొచ్చింది. ఆ పూటే ఇంట్లో చట్టం వచ్చింది. ఫ్రిజ్ ముందు చెక్కపీట, పీట మీద రబ్బరు చెప్పులు, తలుపు తీయడానికి తుడుచుకున్న చెయ్యి, అదీ కుడిదే. (గుండె ఎడమవైపు ఉంటుంది కదా అని ఆవిడ వాదన.) మంచినీళ్ళ సీసా కోసం పీట ఎక్కవలసిన గతి తనొక్కడికే పట్టిందని భర్త విసుక్కున్నాడు. ఎక్కడం మాత్రం ఎక్కాడు.

కరెంటు ఆఫీసువారి యాప్‌లో ఫిర్యాదులు నాలుగు రకాలు. కరెంటు లేదు, కరెంటు వచ్చిపోతోంది, కరెంటు తక్కువగా ఉంది, ఇతరములు. ఉండకూడని చోట కరెంటు ఉందని చెప్పుకునే వీలు లేదు. అంతటి సమృద్ధిని ఆఫీసువారు ఊహించలేదు. ఆవిడ 'ఇతరములు' నొక్కింది. షాక్ ఫోటో జతచేయమంది యాప్. ఆవిడ ఫ్రిజ్ ఫోటో పంపింది. 'షాక్ స్పష్టంగా కనిపించేలా మరలా తీయగలరు' అని జవాబొచ్చింది.

ఇది తేలేలా లేదని భర్త కరెంటు మేస్త్రీని పిలిచాడు. మేస్త్రీ ప్లగ్గు విప్పాడు. మూడో కన్నం వెనకాల తీగ లేదు. సాలెపురుగొకటి పిల్లాపాపలతో కాపురముంటోంది. బిల్డింగు కట్టిన నాటినుంచీ అన్ని ఇళ్ళలోనూ అంతేనట. ఆయన వేలెడంత తీగముక్క కత్తిరించి, నూట్రల్ కన్నానికీ ఎర్తు కన్నానికీ మధ్య వెనకనుంచి బిగించాడు. ఫ్రిజ్ గిల్లడం మానేసింది. భర్త పీట దిగాడు.

జాగ్రత్తమ్మ దిగలేదు. ఆ ముక్క ఏం చేసిందో చెప్పమంది. మేస్త్రీ ఓపిగ్గానే చెప్పాడు. ఫేజు తీగ కరెంటును తెస్తుంది, నూట్రల్ తీగ తిరిగి తీసుకెళుతుంది, ఎర్తు తీగ ఆపద వస్తే ఆదుకుంటుంది. నూట్రల్‌ను కూడా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర భూమిలోకే దించుతారు.

"చివరికి రెండూ చేరేది ఆ మట్టికే కదమ్మా. అదేదో ఇక్కడే కలిపేస్తే తప్పేముంది?"

ఆవిడకు కరెంటు సంగతి తెలియదుగాని నీళ్ళ సంగతి తెలుసు. మేస్త్రీని సింకు దగ్గరికి తీసుకెళ్ళింది. "చూడు నాయనా. వాడిన నీళ్ళు ఈ కింది గొట్టంలోంచి పోతాయి. పొంగితే పోవడానికి పైన ఇదిగో, ఇంకో కన్నం. నువ్వు పై కన్నాన్ని తెచ్చి కింది గొట్టంలోనే కలిపావు. రేపు ఆ గొట్టం పూడుకుపోతే మురికంతా ఎక్కడికొస్తుంది?"

"పూడదమ్మా."

"పూడితే?"

"నూట్రల్ ఊరికే తెగదమ్మా. నా సర్వీసులో పన్నెండుసార్లే తెగింది."

పన్నెండు అన్న మాట విన్నాక ఆవిడ ఊరుకోలేకపోయింది. ముక్క తీయించేదాకా మేస్త్రీని గుమ్మం దాటనివ్వలేదు. ఫ్రిజ్ మళ్ళీ గిల్లడం మొదలెట్టింది. బాగైనదాన్ని చెడగొట్టించుకునే ఇల్లాలిని ఇప్పుడే చూస్తున్నానని భర్త అన్నాడు. "గిల్లితే తెలుస్తుందండీ. కరిస్తే తెలిసేలోపు..." అని ఆవిడ ఆపేసింది. అంతకుమించిన మాట ఆవిడ నోటితో అనదు.

కింది అంతస్తులో ఉండే బిల్డింగు సెక్రటరీ గారు మాత్రం మేస్త్రీ తెలివికి ముగ్ధులై, మిగతా పదిహేను ఇళ్ళలోనూ ఆ ముక్క వేయించారు. దానికి 'గిల్లుడు నివారణ పథకం' అని పేరు పెట్టి, మెట్ల దగ్గర బోర్డు కట్టించారు. జాగ్రత్తమ్మ ఇంటింటికీ వెళ్ళి సింకు కథ చెప్పింది. అందరూ వాళ్ళ సింకులు బాగానే ఉన్నాయన్నారు.

ఆవిడ పెట్టిన పదకొండో ఫిర్యాదుకు కరెంటు ఆఫీసు కదిలింది. ఎర్తు నిర్ధారణ అధికారి గారు అట్టతో, ఫారంతో వచ్చారు. 'ఎర్తు కన్నములు' అన్న గడి దగ్గర ప్లగ్గుల్ని వేలితో లెక్కపెట్టి, తొమ్మిది అని రాసుకున్నారు. 'భూమి' అన్న గడి దగ్గర కిటికీలోంచి తొంగిచూసి, కలదు అని రాసుకున్నారు. కన్నం వెనకాల తీగ లేదని ఆవిడ చెబితే, గోడలోపలి విషయాలు తమ ఫారంలో లేవన్నారు.

తర్వాత ఆవిడ బలవంతం మీద మీటర్ల గదికి దిగారు. పెరట్లో బిల్డింగు కట్టినప్పుడు తవ్విన ఎర్తు గొయ్యి నిజంగానే ఉంది. అందులోంచి లావుపాటి ఆకుపచ్చ తీగ గదిలోకి వచ్చి, అక్కడ ఏ ఇంటికీ వెళ్ళకుండా చక్కగా చుట్టలు చుట్టుకుని మేకుకు వేలాడుతోంది. దుమ్ము పడకుండా దానికి కవరు కూడా తొడిగారు.

అధికారి గారు చాలా సంతోషించారు. "చూశారా అమ్మగారూ, ఎర్తు ఉంది. మీ ఇల్లూ ఉంది. ఆ రెండింటి మధ్య సంబంధం మాత్రం మా పరిధిలోకి రాదు." ఆ మాట చెప్పి 'వినియోగదారుని సంతృప్తి పత్రం' అందించారు. సంతకం పెడితే ఫిర్యాదు మూసేయవచ్చు.

జాగ్రత్తమ్మ పెన్ను మూత పెట్టేసింది. జీవితంలో ఎప్పుడూ ఏ ఆఫీసునూ ఎదిరించని మనిషి ఆవిడ. "నాకు సంతృప్తి లేదండీ," అంది.

ఈ సమాధానానికి ఫారంలో గడి లేదు. సంతకం లేని పత్రం పై ఆఫీసు పట్టికలో ఎర్రగా కనిపిస్తుంది. ఎర్రగా ఉన్నంతకాలం అధికారి గారికి సెలవు మంజూరు కాదు. ఆయన వారంలో నాలుగుసార్లు వచ్చి, సంతృప్తి పడమని మర్యాదగా అడిగి, ఐదోసారి మేస్త్రీని వెంటబెట్టుకొచ్చారు. మేకు మీది చుట్ట విప్పి, దానికి కొత్త తీగ కలిపి, గోడ వెంబడి మూడో అంతస్తుదాకా లాగించి, ఆవిడ ఇంట్లో తొమ్మిది ప్లగ్గుల వెనకా బిగించారు. సాలెపురుగుకు ముందస్తు నోటీసు ఇవ్వలేదు. ఫ్రిజ్ గిల్లడం ఆగింది. ఆవిడ సంతకం పెట్టింది. అధికారి గారు సెలవు పెట్టారు.

రెండు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం ఈదురుగాలి లేచింది. బయట స్తంభం మీద బిల్డింగు నూట్రల్ తీగ తెగింది. (మేస్త్రీ లెక్కలో పదమూడోది.) లైట్లన్నీ ఆరిపోయాయి. కరెంటు పోయిందని అందరూ అనుకున్నారు. పోయింది కరెంటు కాదు, అది తిరిగి వెళ్ళే దారి. దారి మూసుకుపోయిన కరెంటు వేలెడంత తీగముక్కల మీదుగా పదిహేను ఇళ్ళ ఫ్రిజ్‌ల ఒంట్లోకి ఎక్కి కూర్చుంది.

కింద సెక్రటరీ గారు ఐసు కరిగిపోతుందేమోనని ఫ్రిజ్ తలుపు పట్టుకుని, వంటింట్లోంచి వరండాలోకి వచ్చి పడ్డారు. ఆయన చెయ్యి వారం పాటు పైకి లేవలేదు. ఆయన పడుతూ పెట్టిన కేక విని జాగ్రత్తమ్మ గిరుక్కున తిరిగింది. కూతురు చెప్పులు లేకుండా, పీట లేకుండా, అప్పుడే కడిగిన గచ్చు మీద నిలబడి, రెండు చేతులతో ఫ్రిజ్ తలుపు పట్టుకుని ఉంది.

"ఏంటమ్మా, అలా తెల్లబోయావు?" అంది ఆ పిల్ల, సీసా ఎత్తి నీళ్ళు తాగుతూ.

జాగ్రత్తమ్మ పిల్లను ఫ్రిజ్ దగ్గర్నుంచి ఇవతలికి లాగింది. అప్పుడు గోడ వెంబడి వచ్చిన ఆకుపచ్చ తీగ వంక చూసింది.

ఆఫీసువారు విచారణ జరిపారు. పదహారు ఇళ్ళకుగాను పదిహేను ఇళ్ళలో ఫ్రిజ్‌లు ఏకరీతిగా ప్రవర్తించాయనీ, ఒక్క ఇంట్లో మాత్రం తేడా కనిపించిందనీ తేల్చారు. పదో రోజున జాగ్రత్తమ్మకు రిజిస్టరు పోస్టులో నోటీసు వచ్చింది.

'సంఘటన జరిగిన సమయంలో మీ ఇంట్లో ఎవరికీ షాక్ ఎందుకు కొట్టలేదో మూడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వవలెను.'