కోత పండుగలో కొండ

"నా జల్లెడకు నడుమల గింత పెద్ద బొక్క ఎట్ల పడ్డది?" అని అడిగింది స్తుతి. మటన్ కూరలోకి జొన్నరొట్టెలు చేద్దామని జల్లించబోతే, పిండి పొట్టుతో సహా కిందికి జారింది.

"జరంత జాలి కోసుకున్న. కొత్తది కొందాం తియ్," అన్నాడు వెస్లీ, పేపర్లోంచి తల ఎత్తకుండా.

"కొండకు జాలి కావాలంటే దుకాణంల దొరకదా? నా వంటింట్లనే దొరికిందా మీకు?"

వెస్లీ రోడ్ల శాఖలో ఇంజనీరు. ఘాట్ రోడ్డు మీదికి కొండచరియలు విరిగిపడకుండా ఆపాలంటే ఏ పద్ధతికి ఎంత ఖర్చవుతుందో సోమవారం పెద్దసారుకు చూపించాలి. అందుకే పెద్ద ట్రేలో మట్టితో మూడు వాలులు చేశాడు. ఒకదాని మీద జల్లెడ జాలి పరిచాడు. ఇంకోదానికి రాళ్లు, సిమెంటుతో గోడ కట్టాడు. మూడోదానికి పైన చిన్న కాలువ తీసి, గడ్డికి గుర్తుగా మెంతులు మొలిపించాడు. ఒక్కోదానికి ఖర్చు రాసిన చీటీ గుచ్చాడు. అతని మనసంతా గోడ మీదే. ఖర్చు అన్నిటికన్నా ఎక్కువ, కానీ చూడటానికి దిట్టంగా ఉంటుంది. మెంతులది ఊరికే పోలిక కోసం పెట్టాడు.

ఆ రోజు ఆదివారం, చర్చిలో కోత పండుగ. అందరూ తెచ్చిన పంట కానుకలను అక్కడ వేలం వేస్తారు. వెస్లీ స్నానానికి వెళ్లగానే అతని తల్లి రిబ్కమ్మ గుమ్మడికాయతోపాటు వసారాలోని ట్రేను కూడా ఆటోలో పెట్టించుకుంది. మెంతి మొలకలు చూసి, కోడలు పెంచిన కానుక అనుకుంది. వాడిపోకుండా చెంబెడు నీళ్లు కూడా పోసింది.

భార్యతో వెస్లీ చర్చికి చేరేసరికి ట్రే కానుకల బల్ల మీద ఉంది. వేలం వేస్తున్న సంఘపెద్ద బెంజమిన్ చీటీ చదువుతున్నాడు. "గోడ, నాలుగు కోట్లు. ఎవరన్న పాడుతరా?"

చర్చంతా నవ్వింది.

"పెద్దాయనా, అది కానుక కాదు. నా ఆఫీసుది," అన్నాడు వెస్లీ.

"బల్ల ఎక్కినంక దేవునిది బిడ్డా. కావాలంటే పాడి తీస్కపో."

వెస్లీ ఐదు వందలకు పాడాడు. ఇచ్చోడ నుంచి వచ్చిన రైతు తోమాసు వెయ్యి అన్నాడు. వెస్లీ రెండు వేలన్నాడు.

"ఇంజనీరు గింత పెడ్తుండంటే గా మెంతి మామూలుది కాదు," అని తోమాసు పక్కాయనకు చెప్పి, మూడు వేలకు పోయాడు. ఆ మాట బెంచీలు దాటి వెనక్కి పాకింది. వెనక నుంచి రోజారాణి టీచరు నాలుగు వేలన్నది. స్తుతి భర్త చొక్కా గుంజుతూనే ఉంది. తొమ్మిది వేల దగ్గర తోమాసు చేతులు జోడించి, "గింత దాతవని ఎరుకలే బిడ్డా," అని కూర్చున్నాడు.

చప్పట్ల మధ్య వెస్లీ ట్రే ఎత్తుకుని చూశాడు. గోడ బోర్లా పడి ఉంది. దాని వెనక చేరే నీళ్లకు దారి వదలడం అతను మరిచాడు. జాలి బురదతో బానలా ఉబ్బింది. మెంతుల వాలు మాత్రం చెక్కుచెదరలేదు. దాని నీళ్లు కాలువ వెంట పక్కకు పోయాయి.

"నేను నీళ్లు పోసినందుకేనా కొడుకా?" అంది రిబ్కమ్మ భయంగా.

"నువ్వు పోసినవు గాబట్టి బతికిన అవ్వా. ఘాట్ మీద గోడ కట్టినంక వాన పడుంటే నా నౌకరీ పోతుండె."

మధ్యాహ్నం ఇంట్లో భోజనాల దగ్గర వెస్లీ ప్రకటించాడు. "రేపు సారుకు గోడ వద్దని చెప్త. ముందుగాల కాలువలు, గడ్డి. తప్పని కాడనే గోడ, గదానికి గూడ నీళ్లు పోయే తొవ్వ పెట్టి. ఖర్చు సగం గూడ కాదు."

"గా మిగిలిన దాంట్ల జల్లెడ వస్తదా?" అన్నది స్తుతి.

ఆ పూట పొట్టు రొట్టెలకు ఎవరూ వంక పెట్టలేదు.