వెంట్రుక రాలని తైలం

విఘ్నాలను తొలగించే గజముఖునికి వందనం. ఆయనను మోసే మూషికానికీ వందనం. ఇక వినండి, తన తోక సొగసుకు తానే మురిసిపోయే వాలశోభి అనే నక్క కథ.

ఒక పెద్ద అడవిలో సింహరాజుకు జూలు రాలసాగింది. కుందేళ్లు సైతం ఆయనకు దారి తొలగడం మానేశాయి. "జూలు నిలిపే మందు తెచ్చినవారే మా ఆస్థాన వైద్యులు!" అని రాజు చాటించాడు.

ఆ పదవికై వాలశోభి ఉవ్విళ్లూరింది. జిల్లేడుపాలు, నల్లజీడి రసం కలిపి తైలం కాచింది. అయితే ఏ మందునైనా ముందు కొన్ని ప్రాణులపై పరీక్షించి, ఫలితాలు తాటాకులపై రాసి, ఔషధ మండలికి సమర్పించాలని అడవి శాసనం.

పరీక్షకు అది తాబేలును, కప్పను, చేపను ఎంచుకుంది.

"నక్క బావా, నాకు వెంట్రుకలే లేవు కదయ్యా!" అన్నది తాబేలు.

"అందుకేగా నీ గడప తొక్కింది! లేనిది ఎలా రాలుతుంది బావా?"

'తైలం పూసుకున్నవారిలో ఒక్కరికీ ఒక్క వెంట్రుకైనా రాలలేదు' అని ఉన్నది ఉన్నట్టే రాసింది నక్క. ఆ వాక్యాన్నే తిప్పి తిప్పి బండెడు తాటాకులు నింపింది.

మండలి అధ్యక్షులు ఏనుగుగారు. చదవడం వారి ఆచారం కాదు. కట్టను తొండంతో ఎత్తుతారు. మూలిగితే అనుమతి, మూలగకపోతే తిరస్కారం. ఈ కట్టకు రెండుసార్లు మూలిగారు.

"అబ్బా, ఎంత పరిశోధన!" అంటూ ముద్ర వేశారు.

రాజు తైలం పూసుకున్నాడు. పొద్దు వాలేసరికి మిగిలిన జూలూ ఊడి, శిరస్సు గుమ్మడికాయలా మెరిసింది.

"ఏమిటిది?" అని గర్జించాడు.

అయినా నక్క నోరు ఊరుకోలేదు. "ప్రభూ, ముద్ర పడిన పత్రంలో రాలలేదని ఉంది. కనుక తమ జూలు... రాలలేదు!"

"ముద్ర పడ్డాక మార్చలేము ప్రభూ," అని ఏనుగుగారు తల ఊపారు.

రాజు మీసం దువ్వి నవ్వాడు. "అయితే భయమెందుకు? వైద్యవర్యా, మీ ముచ్చటైన తోకకూ కాస్త పట్టించండి."

వాలశోభి తోకను కాళ్ల మధ్య దాచుకుంది. "ఏనుగుగారూ, ఆ పత్రం ఒక్కసారి చదవండి!" అని వేడుకున్నది.

"ఎందుకయ్యా? బరువు బాగానే ఉంది!"

ఆడిన మాట తప్పని రాజు మర్నాడు దానికే వైద్యపదవి కట్టబెట్టి, నిండు సభలో శాలువా బహూకరించాడు. వాలశోభి దానిని భుజాన వేసుకోలేదు. గబగబా తోకకు చుట్టుకుంది.

పత్రం ఎంత బరువైతే మందు అంత మంచిది, పూసుకోనంతవరకు! ఈ కథ చెప్పినవారికీ విన్నవారికీ ఆయురారోగ్యాలు, ఒత్తయిన కేశసంపద కలుగుగాక!