మునిగిన రొట్టె మీద అన్సెల్మో దండయాత్ర

ముందుగా ఒక నిజం ఒప్పేసుకుంటాను పాఠకులారా: ఈ వీరగాథలో ఒక్క తల కూడా తెగదు. ఏనుగులు లేవు, రథాలు లేవు. ఉన్న ఒకే ఒక్క శవం పందిది, అది కూడా కథ మొదలయ్యే సరికే వేగిపోయి ఉంది. రక్తం మాత్రం ధారలుగా పారుతుంది గానీ అది టమాటాలది. ఇంతేనా అనుకున్నవాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోవచ్చు. ఆకలి మీదున్నవాళ్లు కూర్చోండి.

స్వస్తి! తొలివాన కోసం గ్వాదలహారా మహానగరమంతా మెడలు రిక్కించి ఆకాశం వంక చూస్తున్న మే నెలలో, ఆదివారం నాడు, మార్తాండుడు నడినెత్తికెక్కి రేకుల కప్పులను అప్పడాల్లా కాలుస్తున్న వేళ, సాంతా తెరె పేటలో, చర్చికి సరిగ్గా ఎదురుగా నిలిచి వేగుడు మాంసపు పరిమళంతో భక్తజన ఏకాగ్రతను తరతరాలుగా భగ్నం చేస్తున్న డాన్ లెంచో భోజనశాలయందు, తిరుగుతున్నట్టే కనిపించి గాలి మాత్రం ఇవ్వని ఫ్యాను కింద, ధవళవస్త్రధారి, కీబోర్డుకిణాంకితకరుడు, రాజధానీపురసంభవుడు, మరిక్రూస్‌హృదయచోరుడు అయిన అన్సెల్మో అనువాడు ఆసీనుడై చెమటలు కక్కుచుండెను.

ఆ ధవళవస్త్రంతోనే వచ్చింది చిక్కంతా.

భోజనం కాగానే ఎదుటి చర్చిలో ఒక పసివాడికి జ్ఞానస్నానం. పసివాడి తండ్రి చెమా, అంటే మరిక్రూస్ అన్న. పసివాణ్ణి ఎత్తుకుని నిలబడాల్సిన జ్ఞానతండ్రి అన్సెల్మో. ఆ ఒక్కసారి ఎత్తుకుంటే చాలు, ఆ క్షణం నుంచి చెమా అతన్ని 'కొంపాద్రే' అని పిలవాలి. అంటే రక్తసంబంధం లేని తోడబుట్టినవాడు, ఇంటిమనిషి. అప్పటిదాకా అతని పేరు 'చిలాంగో'. రాజధాని నుంచి వచ్చినవాళ్లకి ఆ ఊరు పెట్టుకున్న ముద్దుపేరు అది. ముద్దు తక్కువ, మొట్టికాయ ఎక్కువ. మరిక్రూస్‌ని ప్రేమించిన నాటి నుంచి ఆ ఇంట్లో అతన్ని సొంత పేరుతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. కుక్కకి మాత్రం పేరుంది.

అంతటి మహత్కార్యానికని కొనుక్కొచ్చిన కొత్త చొక్కా మీద, పొద్దున్నే, ఆ పసివాడే పాలు కక్కాడు.

అప్పుడు ఆ ఇంటి సర్వాధికారిణి, బామ్మ దోన్యా కూకా, దేవదారు పెట్టె తెరిచి తన స్వర్గీయ భర్త గుయాబేరా చొక్కా బయటికి తీసింది. నిలువు కుచ్చులు, నాలుగు జేబులు, పాలనురుగుకి సిగ్గు పుట్టించే తెలుపు.

"మా ఆయన మక్లోవియోది. ఇంట్లో ఎవరి జ్ఞానస్నానమైనా ఇదే వేసుకునేవాడు," అంది బామ్మ. "ముందు లెంచో కొట్లో భోజనం, తర్వాత చర్చి. ఒక్క చుక్క మీద పడనిచ్చిన మనిషి కాదు. ఇదిగో విను నాయనా. మచ్చ పడ్డ చొక్కాతో దేవుడి ముందు నా మునిమనవణ్ణి ఎత్తుకుంటానంటే ఒప్పుకోను. నీకు మచ్చ పడిందా, నాచో ఎత్తుకుంటాడు."

ఆ నాచో, వరసకి చెమాకి తమ్ముడు, బల్ల చివర మంచులాంటి తెల్ల చొక్కాలో కూర్చుని ఉన్నాడు. తిండి ముట్టలేదు. గ్లాసుని ఒంటికి బారెడు దూరంలో పట్టుకుని, స్ట్రాతో చల్లటి బియ్యపు పాలు పీలుస్తూ, వేటగాడి ఓర్పుతో ఎదురుచూస్తున్నాడు.

ఇక శత్రువు సంగతి. కవచకఠినమైన పైపొర గల బిరోతె రొట్టెను నిలువునా చీల్చి, దాని ఉదరాన చిక్కుడుగింజల ముద్ద పులిమి, వేయించిన పంది ముక్కలు కూరి, ఆపాదమస్తకం టమాటా పులుసులో ముంచి, దానిపైన ప్రళయాగ్నిసోదరమైన ఎండుమిరప ద్రవంతో అభిషేకించి, నిమ్మరసంలో నానిన ఉల్లిచక్రాలను కిరీటంగా పెడితే ఏది సిద్ధమవునో అదే మునిగిన రొట్టె. దాన్ని చేత్తోనే తినాలి. అదీ మర్యాద.

డాన్ లెంచో గరిటె పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చాడు.

"సగం ముంచనా, ఫుల్లుగానా?"

"వాడికి సగమే వెయ్యి బాబాయ్," అన్నాడు చెమా. "మా చిలాంగోగారు సుకుమారం. ఒక చెంచా కూడా ఇయ్యి. చేతులకి తొడుక్కోడానికి ప్లాస్టిక్ సంచులుంటే అవీ తెచ్చెయ్యి."

బల్ల బల్లంతా నవ్వింది. నాచో స్ట్రా కూడా గుర్రుమంది.

అప్పుడు అన్సెల్మో అంతరంగరంగస్థలముపై రోషభీషణుడొకడు లేచి ఇట్లు గర్జించెను: "ఓయీ గరిటాధిపా! అర్ధనిమజ్జనము అర్ధపురుషులకు! చెంచాయా? చెంచా పట్టిన చేతితో ఏ వీరుడు బిడ్డనెత్తెను? ముంచుము! అగాధమున ముంచుము! నీ కుండలోని మిరపసముద్రము ఇంకిపోవుదనుక ముంచుము!"

పైకి వచ్చింది మాత్రం ఇది:

"ఫుల్లుగానే వేసెయ్యండి, బాబాయ్‌గారూ."

గొంతు మధ్యలో కీచుమంది కూడా.

బల్ల కింద మరిక్రూస్ కాలు అతని పిక్కను పొడిచింది. "నీకేమన్నా పిచ్చా? నిన్న ఆ సాస్ సీసా మూత తీస్తేనే తుమ్మావు!"

"నిన్న వేరు," అన్నాడు అన్సెల్మో.

"నిన్న చొక్కా నల్లది. అదొక్కటే వేరు."

రొట్టె వచ్చింది. ఎర్రటి కొలనులో మొసలి వీపులా తేలుతోంది. అన్సెల్మో కుర్చీ వెనక్కి నెట్టి, పాదాలు ఎడంగా ఉంచి, నడుము దగ్గర ఒంగి, వక్షస్థలమును యుద్ధభూమికి దూరముగా తొలగించి, మోచేతులు రెక్కల వలె విప్పి, రెండు చేతులతో శత్రువును గ్రహించెను. మొదటి కాటుకి పైపొర కరకరమని విరిగింది. ఆహా, ఎంత రుచి! అతను కళ్లు మూసుకున్నాడు. ఆ తర్వాత మిరప వచ్చింది.

దాన్ని వర్ణించడానికి నా దగ్గర మాటల్లేవు, అతని దగ్గర ఊపిరి లేదు. చెవుల్లో ఈల. నాలుక మీద హోమం. ముక్కు నుంచి గంగ, కళ్ల నుంచి యమున. మెదడు కాసేపు హ్యాంగయింది. మళ్లీ తేరుకునే సరికి ఒక చిక్కుడుగింజ జారి ఒడి వైపు దూకుతోంది. అన్సెల్మో మోకాళ్లు చటుక్కున విడదీశాడు. గింజ వాటి మధ్య నుంచి నేలకూలెను. ఉల్లిచక్రమొకటి గడ్డం మీదికి ఉరికింది. దాన్ని నాలుకతో బంధించి లోపలికి ఈడ్చుకెళ్లాడు.

"పర్లేదే," అన్నాడు డాన్ లెంచో, గరిటె ఆపి.

అంతలో అసలు ముప్పు బయల్దేరింది. ఒక చుక్క. కుంకుమవర్ణ, కుటిలగామిని, వస్త్రభక్షణలోలుప అయిన ఒకే ఒక్క చుక్క, అతని మణికట్టు దాటి, ముంజేతి వెంట్రుకల అడవిలో దారి చేసుకుంటూ, మడత పెట్టిన చొక్కా చేతి వైపు నడవసాగెను. చెయ్యి దించితే మోచేతికేసి పోవడం ఆగుతుంది గానీ రొట్టె విడిపోతుంది. ఎత్తితే చుక్క పరుగందుకుంటుంది. రొట్టె కింద పెట్టేస్తే? దాన్ని ఒకసారి వదిలితే మళ్లీ ఎత్తలేరు, అది ముద్దయిపోతుంది. తర్వాత చెంచాయే గతి.

చెమా ముందుకు వంగాడు. "రుమాలు ఇవ్వనా, చిలాంగో?"

నాచో గ్లాసు పక్కన పెట్టి కాలరు సర్దుకున్నాడు.

దానికి తోడు తుమ్ము రాబోతోంది. ముక్కుపుటాలు అదిరాయి. మరిక్రూస్ తన రొట్టె వదిలేసి, తన ముక్కు తనే పట్టుకుని, పెద్ద కళ్లతో అతన్నే చూస్తోంది. అతని బదులు తాను ఆపగలనన్నట్టు.

అప్పుడు అన్సెల్మో చదువు, సంస్కారం, రాజధాని సిగ్గు మూడింటినీ గాలికొదిలి, మెడను కొంగలా వంచి, నిండు సభలో, తన ముంజేతిని మణికట్టు నుంచి మోచేతి దాకా ఒక్క పెట్టున నాకెను.

చుక్క హతమైంది. తుమ్ము బెదిరి వెనక్కి పోయింది.

బామ్మ నమలడం ఆపి, "తినడం వచ్చే వీడికి!" అంది మరిక్రూస్‌తో.

ఆ ఉత్సాహంతో మిగిలిన సగం ఎలా అయిందో అతనికే తెలియదు. చివరి ముక్క లోపలికి పోయింది. అన్సెల్మో ఎర్రబడ్డ చేతులు రెండూ పైకెత్తి, కన్నీళ్లతో, చీమిడితో, లేచి నిలబడ్డాడు. చొక్కా మీద చుక్క లేదు. బల్ల చుట్టూ కేక. పక్క బల్లవాళ్లు కూడా చప్పట్లు.

"నా బంగారు కొండా!" అని బామ్మ లేచింది. లేచి, ఒక చేత్తో అతని చెంప పట్టుకుని, రెండో అరచేతిని అతని గుండెలకేసి గట్టిగా హత్తింది.

బామ్మ కూడా ఫుల్లుగా ముంచిన రొట్టే తింటోంది.

ఆవిడ వెనక్కి జరిగేసరికి, అతని ఎడమ రొమ్ము మీద ఐదు వేళ్లూ అరచేయీ స్పష్టంగా, రాజముద్రలా, ఎర్రగా నిలిచాయి.

నాచో మెల్లిగా లేచాడు. అన్సెల్మోకి ఏడుపొచ్చింది. ఈసారిది మిరప ఏడుపు కాదు. ఇంత చేసి మళ్లీ చిలాంగోయేనా?

బామ్మ చొక్కా చూసింది. తన చేతులు చూసుకుంది. చర్చి వైపు చూసింది.

"నువ్వు కూర్చోరా నాచో."

"బామ్మా, నువ్వే కదా అన్నావ్, మచ్చ పడితే..."

"కూర్చోమన్నానా!" ఆవిడ అన్సెల్మో కింది జేబు అంచు పట్టుకుని, గోటితో రెండు కుట్లు తెంపి, మడిచి చూపించింది. జేబు కింద, పాతబడి ఇటుకరంగుకి తిరిగిన మచ్చ. "ఇది చెమా వాళ్ల నాన్న జ్ఞానస్నానం నాటిది. ఆ పక్క జేబు కింద మీ అత్తది. పై రెండిట్లో ఏమున్నాయో చర్చి ముందు చెప్పను. కొన్నప్పుడు ఈ చొక్కాకి ఒక్క జేబైనా లేదు. మీ తాతయ్య బంగారంలాంటి మనిషి గానీ, తినేటప్పుడు మాత్రం పందే."

"మరి ఒక్క చుక్క పడనివ్వలేదన్నావ్?" అన్నాడు చెమా నోరు తెరిచి.

"చచ్చిపోయినవాణ్ణి నలుగురిలో తిట్టమంటావా? ఈ పిల్లాడు తన చేత్తో పోసుకోలేదు. పోసింది నేను. నా చెయ్యి మచ్చెలా అవుతుందిరా?"

ఈ ధర్మసూక్ష్మానికి ఎదురుచెప్పే ధైర్యం ఆ పేటలో ఎవరికీ లేదు. బామ్మ చేతులు తుడుచుకుని, తన శాలువా తీసి అతని భుజం మీదుగా కప్పి, పసివాణ్ణి తెచ్చి సరిగ్గా ఆ ఐదు వేళ్ల గుర్తు మీదే ఆనించింది. "ఈ పక్కే ఎత్తుకో. ఎవరు అడిగినా మార్చకు."

మార్చలేదు. చర్చిలో, తొట్టి ముందు, పెదాలు ఇంకా వాచి మండుతుండగా, అన్సెల్మో పసివాణ్ణి వంచి పట్టుకున్నాడు. ఫాదరుగారు వెండి గిన్నెతో నీళ్లు ముంచి ఎత్తారు. వెనక నుంచి చెమా అతని చెవి దగ్గరికి వచ్చాడు.

"సగమా, ఫుల్లా, కొంపాద్రే?"

"ఫుల్లుగానే!" అన్నాడు అన్సెల్మో, చర్చి మొత్తం వినపడేలా. ఫాదరుగారు ఉలిక్కిపడి గిన్నెడూ గుమ్మరించేశారు. పసివాడి ఆర్తనాదానికి గంటగోపురం మీది పావురాలన్నీ లేచిపోయాయి. అన్సెల్మో, అప్పటిదాకా ఆపుకున్న తుమ్మును దిగంతాలు ప్రతిధ్వనించునట్లు తుమ్మెను.

ఇట్లు చెంచారహితుడై, రుమాలునిరపేక్షుడై, ఒక సంపూర్ణనిమజ్జిత రొట్టెను స్వహస్తములతో సంహరించి, ఒక ముసలమ్మ అరచేతిని హృదయముపై బిరుదుగా ధరించి, అన్సెల్మో సాంతా తెరె పేటను జయించెను. ఐదో జేబు వచ్చే ఆదివారం కుడతానంది బామ్మ.

ఈ గాథను పొద్దున్నే చదివినవారికి పులుసు మోచేయి దాటదు. తెల్లబట్టలేసుకుని చదివినవారికి మాత్రం నేను హామీ ఇవ్వలేను. సరే, మీ సంగతేంటి? మీ చొక్కా ఏ భోజనంలో నేలకొరిగింది, దాని మీద జేబు కుట్టినవాళ్లెవరు? చెప్పండి, వింటాను.